పంప్‌హౌస్ డ్రాయింగుల రిపేరు: అంబత్తూర్ ఆఫీసు నుంచి ప్రాజెక్టు డైరీ

సోమవారం

పని ఏమిటో ముందే రాసిపెడుతున్నాను. వారం మధ్యకి వచ్చేసరికి ఏ ఫైలు ఏ స్థితిలో ఉండేదో ఎవరికీ గుర్తుండదు.

అంబత్తూర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మాది చిన్న ఆఫీసు. పంప్‌హౌస్‌లకీ నీటిశుద్ధి ప్లాంట్లకీ లేఅవుట్, పైపింగ్, ఫౌండేషన్ డ్రాయింగులు చేస్తాం. ఇప్పుడు నడుస్తున్నది ఒక పాత పంప్‌హౌస్‌కి ఎక్స్‌టెన్షన్. డ్రాయింగులన్నీ ఆటోక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. శనివారం సాయంత్రం వానకి ఏరియా అంతా కరెంటు పోయింది. సర్వర్ యూపీఎస్‌లో బ్యాటరీలు పాతబడ్డాయి, అందుకే సర్వర్ కూడా వెంటనే పడిపోయింది. అప్పటికి ఫోల్డర్‌లో చాలా షీట్లు తెరిచి ఉన్నాయి, ఒకరిద్దరు సేవ్ కూడా కొడుతున్నారు.

సూళ్లూరుపేట నుంచి లోకల్లో వచ్చే మా జూనియర్ పొద్దున నాకంటే ముందే సిస్టమ్ ఆన్ చేశాడు. "అక్కా, జీఏ తెరుస్తుంటే ఆటోక్యాడే మూసుకుపోతోంది. ఫౌండేషన్ షీటు రికవర్ చెయ్యమంటోంది. సెక్షన్ షీటు అసలు తెరుచుకోవట్లేదు" అన్నాడు. జీఏ అంటే జనరల్ అరేంజ్‌మెంట్, మొత్తం అమరిక చూపించే డ్రాయింగు. మిగతా షీట్లన్నీ దాన్నే ఎక్స్‌రెఫ్‌గా, అంటే బయటి ఫైలుకి లింకుగా, పిలుచుకుంటాయి.

"ఇంకేదీ తెరవకు, తెరిచినవాటిని సేవ్ కొట్టకు" అని చెప్పి, ముందు ఫోల్డర్ మొత్తాన్ని నా లోకల్ డిస్క్‌కి కాపీ చేసి, ఆ కాపీకి రీడ్ ఓన్లీ పెట్టాను. దెబ్బతిన్న డ్రాయింగుల విషయంలో ఇంతకంటే ముఖ్యమైన పని లేదు. సేవ్ కొట్టిన ప్రతిసారీ అంతకుముందు ఉన్న డ్రాయింగు డాట్ బాక్ అనే బ్యాకప్ ఫైలు అవుతుంది, పాత బాక్ పోతుంది. కరప్ట్ అయిన ఫైలుని ఎలాగో తెరిచి ఒక్కసారి సేవ్ కొడితే ఆ కరప్ట్ కాపీయే బాక్ స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. అప్పటిదాకా పక్కనే ఉన్న మంచి కాపీ మన చేతులతోనే పోతుంది. టెన్షన్‌లో అందరూ చేసేది సరిగ్గా ఇదే కాబట్టి, ఆఫీసులో అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పాను.

సార్ వచ్చి విషయం విన్నారు. "ఫౌండేషన్ డ్రాయింగు శుక్రవారానికి సైట్‌కి వెళ్ళాలమ్మా, సివిల్ వాళ్ళు కాంక్రీట్ పొయ్యడానికి రెడీగా ఉన్నారు" అన్నారు. కాబట్టి వరుస తేలిపోయింది. ముందు ఫౌండేషన్, తర్వాత జీఏ, ఆఖరికి సెక్షన్.

సోమవారం, మధ్యాహ్నం

అసలు రిపేరు మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. జబ్బు ఫైలుదా, మెషీన్‌దా? ఈ రెండూ కలిసి వస్తే మనిషిని పిచ్చివాణ్ణి చేస్తాయి. మాకు కలిసే వచ్చాయి.

జీఏని నా మెషీన్‌లో తెరిచాను, క్రాష్. జూనియర్ మెషీన్‌లోనూ క్రాష్. అంటే అనుమానం ఫైలు మీదికి పోతుంది. కానీ అతని మెషీన్‌లో కొత్త ఖాళీ డ్రాయింగు తెరిచి నాలుగు గీతలు గీసి జూమ్ చేసినా మూసుకుపోతోంది, నా దాంట్లో అలా లేదు. ఖాళీ డ్రాయింగుకి కరప్ట్ అవడానికి ఏముంటుంది? కాబట్టి అతని మెషీన్‌కి సొంత జబ్బు వేరే ఉంది.

ఇలాంటప్పుడు విండోస్ ఈవెంట్ వ్యూయర్ చూడాలి. విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ అనే చోట క్రాష్ అయిన సమయానికి ఒక ఎర్రర్ పడి ఉంటుంది. అందులో ఫాల్టింగ్ మాడ్యూల్ అని ఒక ఫైలు పేరు ఉంటుంది, ఆ పేరే మనకి కావలసింది. అతని మెషీన్‌లో ప్రతి క్రాష్‌కీ గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు పేరే వచ్చింది. ఎక్సెప్షన్ కోడ్ సీ0000005, అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుంది. గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ కమాండ్ కొట్టి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేశాం, క్రాష్‌లు ఆగిపోయాయి. డ్రైవర్ ఈమధ్యే తనంతట తాను అప్‌డేట్ అయిందని డివైస్ మేనేజర్‌లో తేదీ చూస్తే తెలిసింది. పాత డ్రైవర్‌కి రోల్‌బ్యాక్ చేసి, యాక్సిలరేషన్ మళ్ళీ ఆన్ చేశాం. నిలబడింది.

జీఏ మాత్రం ఆ మెషీన్‌లోనూ ఇంకా మూసుకుపోతూనే ఉంది. మంచిదే. ఇప్పుడు మిగిలింది ఒక్క జబ్బు.

మంగళవారం

ఫౌండేషన్ షీటు.

ఏ కమాండ్ వాడేముందైనా ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఆరు అక్షరాలు చూస్తాను. డీడబ్ల్యూజీ ఫైలు, అంటే ఆటోక్యాడ్ డ్రాయింగు, ఏ వెర్షనో అక్కడే రాసి ఉంటుంది. ఏసీ1015 అంటే ఆటోక్యాడ్ 2000 ఫార్మాట్, ఏసీ1018 అంటే 2004, ఏసీ1021 అంటే 2007, ఏసీ1024 అంటే 2010, ఏసీ1027 అంటే 2013, ఏసీ1032 అంటే 2018. మిగతాదంతా చదవడానికి వీల్లేని గుర్తులే కానీ, ఆ ఆరూ సరిగ్గా ఉంటే లోపల ఏదో మిగిలి ఉందని ఆశ పెట్టుకోవచ్చు. ఫౌండేషన్ షీటులో ఏసీ1032 కనిపించింది. అదే పనిగా సెక్షన్ షీటు కూడా చూశాను. దాని సంగతి తర్వాత రాస్తాను, అది వేరే కథ.

రికవర్ కమాండ్‌కి ముందు లాగ్‌ఫైల్‌ఆన్ కొట్టి పెట్టుకున్నాను. రికవర్ నడుస్తున్నప్పుడు టెక్స్ట్ విండోలో గబగబా జారిపోయే లైన్లన్నీ ఒక ఫైల్లో పడతాయి. డ్రాయింగు తెరిచి ఉన్నప్పుడు ఆడిట్ అనే తప్పులు వెతికే కమాండ్ వాడితే, ముందుగా ఆడిట్‌సీటీఎల్ సెట్టింగుని 1 చేసి పెడితే, డ్రాయింగు పక్కనే డాట్ ఏడీటీ రిపోర్టు వస్తుంది. ఈ రెండూ చాలామంది వాడరు. నా లెక్కలో ఇవి లేకుండా రికవర్ చెయ్యడం కళ్ళు మూసుకుని చెయ్యడమే.

షీటు తెరుచుకుంది. కనిపెట్టిన ఎర్రర్లన్నీ సరిచేశామని మెసేజ్ వచ్చింది. మూడు పంపుల ఫౌండేషన్లు, గ్రిడ్లు, కొలతలు, నోట్సు, అన్నీ కళ్ళముందున్నాయి. "వచ్చేసిందక్కా" అని జూనియర్ ప్లాట్ (ప్రింటు) ఇవ్వబోయాడు. ఆగమన్నాను.

ఇక్కడ నెమ్మదిగా రాయాలి, ఎందుకంటే ఈ వారం మొత్తంలో అసలు విషయం ఇదే.

డ్రాయింగు ఫైలు లోపల ఒక డేటాబేస్ ఉంటుంది. ప్రతి గీతకీ, ప్రతి బ్లాకుకీ (ఒకే వస్తువుగా వాడే గీతల గుంపు) హ్యాండిల్ అని ఒక నంబరు ఉంటుంది. అది ఏ లేయర్‌ది (డ్రాయింగులో పొర), ఏ లైన్‌టైప్‌ది (గీత రకం), దానికి ఓనర్ ఎవరు అన్నది వేరే చోట రాసి ఉంటుంది. కరెంటు పోయినప్పుడు దెబ్బతినేది చాలాసార్లు ఈ లింకులే. రికవర్, ఆడిట్ చేసే పని ఈ లింకులన్నీ సరిచూడటం. లేయర్ దొరకని వస్తువుని లేయర్ సున్నాకి మారుస్తాయి. అసలు చదవడానికే వీల్లేని వస్తువుని తీసేస్తాయి. రిపోర్టులో ఎర్రర్ల సంఖ్య, సరిచేసిన సంఖ్య తర్వాత ఇన్ని ఆబ్జెక్ట్‌లు ఎరేజ్ చేశామని ఒక లైన్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి సరిచెయ్యడం అంటే డేటాబేస్‌లో తప్పు లేకుండా చెయ్యడం. తీసేసినా డేటాబేస్ శుభ్రంగానే ఉంటుంది. మనకి కావలసింది పంపు నిలబడే ఫౌండేషన్.

మా లాగ్‌లో ఎరేజ్ లైన్ ఉంది. ఏం పోయిందో తెలియాలి. పక్కనే ఉన్న డాట్ బాక్‌ని డాట్ డీడబ్ల్యూజీగా పేరు మార్చి తెరిచాను, శుభ్రంగా తెరుచుకుంది. ఆ షీటులో శనివారం మధ్యాహ్నం వరకు చేసిన పని ఉంది, సాయంత్రం చేసిన మార్పులు మాత్రం లేవు. రెండిటి మీదా కంపేర్ కమాండ్ నడిపాను. ఆటోక్యాడ్ 2019 నుంచి ఉన్న కమాండ్ ఇది. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనివి రంగుల్లో చూపిస్తుంది, మారనివి బూడిద రంగులో ఉంటాయి. తర్వాత ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని బీకౌంట్ రెండు ఫైళ్ళలోనూ కొట్టి, బ్లాకుల సంఖ్యలు పక్కపక్కన పెట్టాను.

మూడో పంపు ఫౌండేషన్‌లో యాంకర్ బోల్టుల బ్లాకు నాలుగు చోట్లా లేదు. కొలతలు ఉన్నాయి, "4 నంబర్స్ ఎమ్24 యాంకర్ బోల్ట్స్" అన్న నోటు ఉంది, సెంటర్ లైన్లు ఉన్నాయి. బోల్టులూ, వాటికోసం కాంక్రీట్‌లో వదిలే గుంతలు, అంటే పాకెట్లూ మాత్రం లేవు. చుట్టూ ఉన్న కొలతల వల్ల షీటు నిండుగానే కనిపిస్తుంది, తొందరలో చూసినవాళ్ళెవరికీ ఖాళీ తెలియదు. సైట్‌లో షట్టరింగ్ కట్టేవాళ్ళు ప్లాన్ చూసి పాకెట్లు వదులుతారు. ప్లాన్‌లో లేకపోతే వదలరు. కాంక్రీట్ గట్టిపడ్డాక బోల్టుల కోసం కోర్ కట్టింగ్ చెయ్యాలి, లేదా పగలగొట్టాలి. ఆ ఖర్చు, ఆ మాట మన షీటు మీదికే వస్తాయి.

రెండో దెబ్బ ఇంకా సన్నగా ఉంది. పైపు సెంటర్ లైన్లు కొన్ని లేయర్ సున్నాకి వెళ్ళిపోయాయి. అక్కడ లైన్‌టైప్ కంటిన్యుయస్. ప్లాట్ ఇస్తే సెంటర్ లైను పైపు అంచులా వస్తుంది.

సాయంత్రానికి ఒక నిర్ణయం తీసుకున్నాం. రికవర్ అయిన ఫైలుని రిపేరు చెయ్యడం కాదు, బాక్ ఫైలుని ఆధారంగా పెట్టుకుని శనివారం సాయంత్రం చేసిన మార్పులు మాత్రమే రికవర్ అయిన ఫైలు నుంచి తేవాలి. ఆ మార్పులు ఏవో కంపేర్‌లో రంగుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని డబ్ల్యూబ్లాక్ కమాండ్‌తో విడి ఫైలుగా రాసి, ఆ ఫైలు మీద విడిగా ఆడిట్ నడిపి, బాక్ కాపీలోకి ఇన్సర్ట్ చేశాం. మంచి ఫైల్లోకి కొద్దిపాటి అనుమానాస్పద వస్తువులు తేవడం, అనుమానాస్పద ఫైలంతా మంచిదేనని నమ్మడం కంటే ఎప్పుడూ మేలు.

బుధవారం

జీఏ. ఇది తెరుచుకుంటుంది, సగం గీస్తుంది, అక్కడ మూసుకుపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో ఈసారి డ్రైవర్ పేరు లేదు.

ఇలాంటి ఫైలుకి నాకు బాగా నచ్చిన పనిముట్టు కోర్ కన్సోల్. ఆటోక్యాడ్ 2013 నుంచి ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో ఏసీకోర్‌కన్సోల్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ వస్తోంది. బొమ్మ గీయదు, కమాండ్ లైన్ మాత్రమే. డ్రాయింగు తెరిచి, స్క్రిప్ట్ ఫైలులో రాసిన కమాండ్లు వరసగా నడిపి మూసేస్తుంది. మెనూలు లేవు, స్క్రీన్ లేదు కాబట్టి వేగంగా ఉంటుంది. పైగా ఒక ప్రశ్నకి జవాబు ఇస్తుంది: దీంట్లో తెరుచుకుని మామూలు ఆటోక్యాడ్‌లో క్రాష్ అయితే, ఫైలు చదవగలిగే స్థితిలోనే ఉంది, చిక్కంతా చూపించే దగ్గర.

జీఏ కన్సోల్‌లో తెరుచుకుంది. ఆడిట్ నడిపితే పెద్దగా ఎర్రర్లు కూడా లేవు. అంటే ఈ ఫైలుకి శనివారం కరెంటుతో సంబంధం లేదేమో అనిపించింది. జూనియర్‌ని అడిగితే, "అంతకుముందు కూడా మధ్యమధ్య హ్యాంగ్ అయ్యేదక్కా, రీస్టార్ట్ చేస్తే పోయేది" అన్నాడు. హ్యాంగ్ అయినప్పుడల్లా రీస్టార్ట్ చేసుకుని పనిలో పడిపోవడం ప్రతి ఆఫీసులోనూ జరుగుతుంది. అలా నెట్టుకొచ్చిన జబ్బే ఒకరోజు డెడ్‌లైన్ ముందు పెద్దదై కూర్చుంటుంది.

స్క్రిప్ట్ రాశాం. లేయర్ సున్నాని కరెంట్ చెయ్యాలి, మిగతా లేయర్లన్నీ ఫ్రీజ్ చెయ్యాలి (అంటే గీయకుండా ఆపాలి), వేరే పేరుతో సేవ్ చెయ్యాలి. కరెంట్ లేయర్‌ని ఫ్రీజ్ చెయ్యడం కుదరదు కాబట్టి సున్నా ఒక్కటే మిగులుతుంది. ఆ కాపీ మామూలు ఆటోక్యాడ్‌లో చక్కగా తెరుచుకుంది. ఇక లేయర్లని సగం సగం చేసుకుంటూ థా చేశాం, అంటే ఫ్రీజ్ తీసేశాం. సగం తెరిస్తే క్రాష్ అయితే జబ్బు ఆ సగంలో ఉంది, కాకపోతే రెండో సగంలో. ఒక్కొక్క లేయర్ తెరుస్తూ పోవడం కంటే ఇది ఎంతో తొందరగా తేలుతుంది. చివరికి సర్వే హ్యాచ్ (ఖాళీని గీతలతో నింపే నమూనా) లేయర్ దగ్గర పట్టుబడింది.

సర్వే ఫైలు బయటి నుంచి వచ్చింది. సైటు సరిహద్దులు యూటీఎమ్ అనే మ్యాపు పద్ధతి కోఆర్డినేట్లలో, మీటర్లలో ఉన్నాయి. చెన్నై యూటీఎమ్‌లో 44 ఉత్తర జోన్. ఇక్కడ నార్తింగ్, అంటే ఉత్తరం వైపు దూరం, 14 లక్షల 40 వేల మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మా జీఏ మిల్లీమీటర్లలో ఉంది. ఎప్పుడో ఎవరో సర్వేని వెయ్యి రెట్లు స్కేల్ చేసి జీఏలో పేస్ట్ చేశారు. ఇప్పుడు వై కోఆర్డినేట్ 144 కోట్ల చుట్టూ ఉంది. హ్యాచ్ స్కేల్ మాత్రం మీటర్లలో ఉన్నప్పటిదే. మీటరు దూరంలో పడవలసిన గీత మిల్లీమీటరు దూరంలో పడుతోంది. సైటంతా అంత సన్నగా గీతలు గీయమంటే మెషీన్ మెమరీ నిండిపోతుంది.

కోఆర్డినేట్ల సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే హ్యాచ్ తీసేసినా అది మిగిలే ఉంటుంది. ఆటోక్యాడ్ ఫైల్లో సంఖ్యలు డబుల్ ప్రెసిషన్‌లో ఉంటాయి, అంటే 15, 16 అంకెల వరకు పట్టుకుంటాయి. కాబట్టి 144 కోట్ల దూరంలో కూడా కొలత చెడదు. కానీ గ్రాఫిక్స్ కార్డులు బొమ్మ గీయడానికి మామూలుగా వాడేది సింగిల్ ప్రెసిషన్, దాదాపు 7 అంకెలు. 107 కోట్లకీ 214 కోట్లకీ మధ్య ఒక సింగిల్ ప్రెసిషన్ సంఖ్యకీ దాని పక్క సంఖ్యకీ తేడా 128. మా యూనిట్లలో 128 మిల్లీమీటర్లు! అంత దూరంలో జూమ్ చేస్తే గీతలు వణకడం, వృత్తాలు పలకలుగా కనిపించడం, హ్యాచ్‌కి బౌండరీ దొరక్కపోవడం, స్నాప్ (పాయింటుని పట్టుకోవడం) పక్కకి పోవడం వంటివన్నీ ఈ వేరు నుంచే వస్తాయి. ఏ రిపేరు కమాండూ దీన్ని సరిచెయ్యదు, ఎందుకంటే డేటాబేస్ దృష్టిలో ఇక్కడ తప్పే లేదు.

సర్వేని జీఏ నుంచి పూర్తిగా బయటికి తీశాం. మీటర్లలోనే, దాని సొంత కోఆర్డినేట్లలోనే విడి ఫైలుగా ఉంచాం. ఎక్స్‌టెన్షన్ గ్రిడ్ ఏ, 1 కలిసే మూల జీఏలో సున్నా, సున్నా. ఆ మూలకి సర్వేలో ఉన్న ఈస్టింగ్, నార్తింగ్ విలువలని బేస్ పాయింట్‌గా పెట్టి ఎక్స్‌రెఫ్ చేశాం. ఆ రెండు సంఖ్యలూ జీఏ మీద నోటుగా రాశాం. ఎంత జరిపామో షీటు మీద రాయకుండా డ్రాయింగు జరిపితే, రేపు సైట్‌లో టోటల్ స్టేషన్ పట్టుకున్నవాళ్ళకి మన డ్రాయింగు పనికిరాదు.

హ్యాచ్ తీసేసి కొత్తగా వేశాక ఫైలు క్రాష్ కావడం లేదు.

బుధవారం, రాత్రి

సైజు మాత్రం ఇంకా వింతగా ఉంది. ఉన్న గీతలకీ ఫైలు బరువుకీ పొంతన లేదు. హైఫన్ పెట్టి పర్జ్ (వాడనివి తీసేసే కమాండ్) కొట్టి, అందులో రెగ్‌యాప్స్ ఎంచుకుంటే, ఎప్పుడో ఎవరో వాడిన యాడ్ఆన్ ప్రోగ్రాముల పేర్లు వరసగా పోతూనే ఉన్నాయి. స్కేల్ లిస్టులోనూ పనికిరాని స్కేళ్ళు పేరుకుపోయి ఉన్నాయి, ఎక్స్‌రెఫ్ అన్న మాట పేరులో తగిలించుకుని. హైఫన్ స్కేల్‌లిస్ట్‌ఎడిట్‌లో రీసెట్ ఇచ్చాను. ఇంకొకటి డీజీఎన్ లైన్‌టైపులు. మైక్రోస్టేషన్ అనే ఇంకో డ్రాయింగు సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన డ్రాయింగుల్లో ఇవి ఉంటాయి. పాత వెర్షన్లలో మామూలు పర్జ్‌కి లొంగేవి కావు, డీజీఎన్‌పర్జ్ కావలసి వచ్చేది. కొత్త వెర్షన్ల పర్జ్‌లో ఆర్ఫన్డ్ డేటా అన్న ఆప్షన్ వీటిని తీస్తుంది.

ఇవన్నీ కాపీ పేస్ట్‌తో అంటుకునేవి. ఒక డ్రాయింగు నుంచి ఒక వాల్వ్ బ్లాకు తెచ్చుకుంటే దానితోపాటు వెనకాల ఉన్న చెత్త కూడా వస్తుంది. అందుకే షీట్లకంటే ముందు మా టైటిల్ బ్లాక్ టెంప్లేట్‌నీ, వాల్వులూ ఫిట్టింగుల బ్లాకులు ఉంచే లైబ్రరీ ఫైలునీ శుభ్రం చేశాను. అవి శుభ్రం చెయ్యకుండా షీట్లు కడిగితే వచ్చే వారానికి మళ్ళీ అదే స్థితి.

ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఏసీఏడీడాక్ డాట్ ఎల్‌ఎస్‌పీ అనే ఫైలు ఒకటి కనిపించింది, మా ఆఫీసులో ఎవరూ రాసింది కాదు. ఆ పేరున్న లిస్ప్ (ఆటోక్యాడ్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఫైలుని ఆటోక్యాడ్ ప్రతి డ్రాయింగు తెరిచినప్పుడూ తనంతట తాను నడుపుతుంది, కాబట్టి అనుమానించాలి. 2012లో ఏసీఏడీ మెడ్రే అనే పురుగు ఇదే దారిలో పాకింది. ఆటోలిస్ప్‌లో రాసిన ఆ ప్రోగ్రామ్ డ్రాయింగులని ఈమెయిల్లో బయటికి పంపించేది, ఎక్కువగా పెరూ దేశంలో కనిపించింది. మా ఫోల్డర్‌లో దొరికినదాన్ని నోట్‌ప్యాడ్‌లో చదివితే పాత లేయర్ సెట్టింగులు తప్ప ఏమీ లేవు. అయినా తీసేసి, సెక్యూర్‌లోడ్ (తెలియని ప్రోగ్రాములు నడిపే ముందు హెచ్చరించే సెట్టింగు) 1 మీదే ఉందని, ట్రస్టెడ్ పాత్స్ అనే నమ్మిన ఫోల్డర్ల జాబితాలో సర్వర్ ఫోల్డర్ లేదని ప్రతి మెషీన్‌లోనూ చూశాను.

గురువారం

సెక్షన్ షీటు. మంగళవారం నోట్‌ప్యాడ్‌లో తెరిచినప్పుడు ఏసీ1032 లేదు, అసలు ఏమీ లేదు. సైజు సరిగ్గానే చూపిస్తోంది. హెక్స్‌లో చూస్తే మొదటి నుంచి చివరిదాకా సున్నాలే.

ఇది ఎలా జరుగుతుందో జూనియర్‌కి చెప్పాను. విండోస్‌లో ఫైలు పేరు, సైజు వంటి వివరాలు జర్నల్‌లో ముందు భద్రపడతాయి. లోపలి డేటా కాష్‌లోంచి డిస్క్ మీదికి కాస్త తర్వాత చేరుతుంది. ఆ రెండిటికీ మధ్యలో కరెంటు పోతే, ఇంత సైజు ఫైలు ఉందన్న రికార్డు మిగులుతుంది, డేటా మిగలదు. "రికవర్ కొట్టి చూద్దామా అక్కా?" అన్నాడు. సున్నాల్లోంచి ఏ కమాండూ డ్రాయింగు తీయలేదు. డబ్బు తీసుకుని రిపేరు చేస్తామనే సాఫ్ట్‌వేర్లు కూడా దీన్ని తేలేవు. ఈ రకం ఫైలు మీద గంటలు పొయ్యకుండా వెంటనే వదిలెయ్యడం నేర్చుకోవాలి.

బాక్ లేదు. ఆ షీటు గీసిన మెషీన్‌లో, బాక్ ఫైలు ఉంచాలా వద్దా అని చెప్పే ఐసేవ్‌బాక్ సున్నాగా ఉంది, ఫోల్డర్ నిండా బాక్‌లు ఎందుకని ఎప్పుడో ఆపేశారు. ఆటోసేవ్ ఫైళ్ళు, అంటే డాట్ ఎస్‌వీ డాలర్ అన్న ఎక్స్‌టెన్షన్‌తో ఉండేవి, టెంప్ ఫోల్డర్‌లో పడతాయి. మామూలుగా మూసేస్తే అవి పోతాయి, క్రాష్ అయితే మిగులుతాయి. కానీ ఆ మెషీన్‌లో టెంప్ ఫోల్డర్‌ని ఖాళీ చేసే సెట్టింగు ఆన్ చేసి ఉంది. సర్వర్‌లో ప్రీవియస్ వెర్షన్స్, అంటే విండోస్ దాచే పాత కాపీలు, లేవు.

మిగిలినవి రెండు. బ్యాకప్ హార్డ్‌డిస్క్‌లో రివిజన్ బీ డీడబ్ల్యూజీ, క్లయింటుకి పంపిన రివిజన్ సీ పీడీఎఫ్.

ఆటోక్యాడ్ 2017 నుంచి పీడీఎఫ్‌ఇంపోర్ట్ ఉంది, వెక్టర్ పీడీఎఫ్‌ని గీతలుగా మారుస్తుంది. జూనియర్ ఇంపోర్ట్ చేసి చూపించాడు, చూడటానికి అద్భుతంగా ఉంది. కానీ దాన్ని షీటుగా వాడనివ్వలేదు. లెక్క వేసి చూపించాను. 600 డీపీఐలో ప్లాట్ చేసిన పీడీఎఫ్‌లో ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య దూరం కాగితం మీద 0.042 మిల్లీమీటర్లు. మా సెక్షన్ 1:50 స్కేల్. అంటే అసలు సైజులో 2 మిల్లీమీటర్ల పైన. ఫ్లాంజ్ నుంచి ఫ్లాంజ్‌కి 1000 ఉండవలసింది 1001.7గా రావచ్చు. కొలతలు కూడా కొలతలుగా రావు, విడి గీతలూ అక్షరాలుగా వస్తాయి. పైపు ముక్కలు కోసేవాళ్ళకి ఇచ్చే షీటుకి అది చాలదు.

అందుకని రివిజన్ బీ డ్రాయింగు తెరిచి, సీ పీడీఎఫ్‌ని అండర్‌లేగా కింద పెట్టాం. ఎక్కడ తేడా ఉందో అక్కడ మాత్రమే, పీడీఎఫ్‌లో రాసి ఉన్న కొలతని చదివి కొత్తగా గీశాం. పీడీఎఫ్ మీద స్నాప్ పెట్టి ఒక్క గీత కూడా గీయలేదు. మొదట్లో జూనియర్‌కి ఇది ఆలస్యం అనిపించింది. ఒక వాల్వ్ చాంబర్ దగ్గర పీడీఎఫ్ మీద కొలిచినదీ రాసినదీ తేడా రావడం తనే చూశాక, తనే నాకంటే ఖచ్చితంగా పట్టుకున్నాడు.

శుక్రవారం

ఫౌండేషన్ షీటు పంపేముందు నేనూ సార్ కూర్చుని కాగితం మీద చూశాం. రికవరీకి ముందటి ఆఖరి ఇష్యూ ప్రింటు ఒక పక్క, కొత్త ప్రింటు ఒక పక్క. ప్రతి బోల్టుకీ, ప్రతి పాకెట్‌కీ, ప్రతి లెవెల్‌కీ ఎర్ర పెన్సిల్‌తో టిక్. "స్క్రీన్ మీద చూశాం కదమ్మా" అన్నారు సార్ మొదట. మూడో పంపు దగ్గర ఏం పోయిందో కంపేర్ ప్రింటు చూపించాక ఆయనే ఇంకో పెన్సిల్ తీసుకున్నారు. మధ్యాహ్నానికి షీటు వెళ్ళింది.

మారిన సెట్టింగులు ఇవి. ఐసేవ్‌బాక్ అన్ని మెషీన్లలోనూ 1. సేవ్‌టైమ్, అంటే ఆటోసేవ్ వ్యవధి, మామూలుగా 10 నిమిషాలుంటుంది, 5 చేశాం. ఆటోసేవ్ ఫైళ్ళు పడే సేవ్‌ఫైల్‌పాత్‌ని టెంప్ నుంచి తీసి డీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌కి మార్చాం. ఐసేవ్‌పర్సెంట్ సున్నా చేశాం, దాంతో ప్రతి సేవూ పూర్తి సేవ్ అవుతుంది, కాస్త నెమ్మది. రాత్రిళ్ళు కోర్ కన్సోల్ స్క్రిప్ట్ ఒకటి ప్రాజెక్టు ఫోల్డర్ కాపీ మీద ఆడిట్ నడిపి రిపోర్టులు వదులుతుంది. రిపోర్టులో ఎరేజ్ అన్న మాట కనిపిస్తే పొద్దున ముందు ఆ ఫైలే చూడాలి. ఆ స్క్రిప్ట్‌ని అసలు ఫైళ్ళ మీద సేవ్ చెయ్యనివ్వడం లేదు, కావాలనే. యంత్రం రాత్రిపూట ఏం తీసేసిందో తెలియని డ్రాయింగు మీద పొద్దున ఎవరూ పని చెయ్యకూడదు.

ఒక కొత్త పద్ధతి నేను పట్టుబట్టి పెట్టించాను. ఏ షీటు బయటికి వెళ్ళినా దాని పీడీఎఫ్‌తోపాటు బీకౌంట్ లిస్టుని టెక్స్ట్ ఫైలుగా అదే ఫోల్డర్‌లో దాచాలి. బోల్టులెన్ని, వాల్వులెన్ని, సపోర్టులెన్ని అన్నది అందులో ఉంటుంది. రేపు ఏ ఫైలు పాడైనా, తెరుచుకున్నదాన్ని దేనితో పోల్చాలో తెలుస్తుంది. ఈసారి డాట్ బాక్ శుభ్రంగా మిగలకపోతే ఆ నాలుగు బోల్టుల సంగతి పట్టుకునేదాన్నా అన్నది నేను గట్టిగా చెప్పలేను.

సర్వర్ యూపీఎస్‌కి కొత్త బ్యాటరీలు వచ్చాయి, కరెంటు పోతే సర్వర్ దానంతట అదే షట్‌డౌన్ అయ్యేలా కేబుల్ కూడా కలిపారు. బ్యాకప్ ఇకనుంచి రోజూ రాత్రి, రెండు డిస్కులు మార్చి మార్చి.

మిగిలిన పని: సెక్షన్ షీటులో రెండు లెవెల్స్ పీడీఎఫ్‌లో రివిజన్ క్లౌడ్ (మార్పు చుట్టూ గీసే మేఘం గుర్తు) కిందపడి చదవడానికి రావడం లేదు. ఊహించి వెయ్యడం లేదు. సైట్ ఇంజనీర్‌కి ఫోన్ చేశాను, సోమవారం లెవెల్ ఇన్‌స్ట్రుమెంట్ పెట్టి చూసి చెప్తానన్నారు. అప్పటిదాకా ఆ షీటు మీద హోల్డ్ గుర్తు ఉంటుంది.